1648, 1815, 1919, 1945, 1991: ప్రపంచ వ్యవస్థ ఒకదాని తర్వాత ఒకటి ఎందుకు మారింది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, తప్పుంటే సరిదిద్దండి. గ్రూప్-1 కోసం హనుమకొండలో గది తీసుకుని చదువుతున్నారు. పైన రాసిన ఐదు సంవత్సరాలూ మీకు నోటికి వచ్చు. ఒకదాని తర్వాత ఇంకొకటి ఎందుకు వచ్చిందో మాత్రం అంతు పట్టడం లేదు. ఇప్పుడున్నది ఏకధ్రువమా (ఒకే దేశం పెత్తనమా), బహుళధ్రువమా (చాలా దేశాల పెత్తనమా) అని అడిగితే ఎటూ తేల్చి రాయలేకపోతున్నారు. చివర్లో ఇంకో మాట అడిగారు: "ఇదంతా యూరప్ కథ కదా సార్, మన వరంగల్‌కు ఇందులో చోటుందా?"

ముందు జవాబు చెప్పేస్తాను. పెద్ద యుద్ధం ముగిశాక గెలిచినవాళ్ళు కూర్చుని రాసుకున్న కట్టుబాట్లనే మనం ప్రపంచ వ్యవస్థ అంటున్నాం. అక్కడ ఎవరికి పీట వేశారు, ఎవరిని గుమ్మం బయట నిలబెట్టారు అన్నదాన్ని బట్టే అది ఎన్నాళ్ళు నిలుస్తుందో తేలుతుంది. బయట ఉండిపోయినవాళ్ళు తర్వాత దాన్ని కూల్చారు, లేదా తోసుకుని లోపలికి వచ్చి మార్చారు. ఇప్పటి సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నా: కాగితం మీద 1945 నాటి కట్టుబాట్లే నడుస్తున్నాయి, వాటిని రాసినవాళ్ళే పాటించడం మానేస్తున్నారు. ధ్రువాలు ఎన్నో లెక్కపెట్టే బదులు ఈ మాట రాసి రుజువులు చూపించండి.

ఊళ్ళో పెద్దమనుషుల పంచాయితీ చూసినవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. మాది జగిత్యాల వైపు ఊరు. నా చిన్నప్పుడు చెరువు నీళ్ళ తగాదా వస్తే తూము దగ్గరి మడుల వాళ్ళనే పంచాయితీకి పిలిచేవాళ్ళు. మాట అయ్యేది, కాగితం మీద వేలిముద్రలు పడేవి. కాలువ చివర ఉన్న రైతును ఎవరూ పిలవలేదు కాబట్టి ఎండాకాలం వచ్చేసరికి మళ్ళీ అదే తగాదా. ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు రాజనీతి శాస్త్రం చెప్పాను. వియన్నా, వర్సాయి పాఠాలు ఎప్పుడూ ఈ కాలువ చివరి రైతుతోనే మొదలుపెట్టేవాణ్ణి.

1648 దగ్గర కొంచెం జాగ్రత్త. "వెస్ట్‌ఫేలియా ఒప్పందంతో సార్వభౌమాధికార రాజ్యాలు పుట్టాయి" అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తే సగమే నిజం. 1618 నుంచి 30 ఏళ్ళు జర్మన్ నేల మీద మతం పేరుతో, రాజవంశాల పేరుతో సాగిన యుద్ధాన్ని ఆపడానికి చేసుకున్న ఒప్పందాలవి. క్యాథలిక్ పక్షం మున్‌స్టర్ పట్టణంలో, స్వీడన్‌తో మాట్లాడేవాళ్ళు ఆస్నబ్రుక్‌లో కూర్చున్నారు. ఒకే గదిలో కూర్చోవడానికి కూడా ఒప్పుకోలేదు, అందుకే రెండు ఒప్పందాలు. ఆ కాగితాల్లో సార్వభౌమాధికారానికి నిర్వచనం ఎక్కడా లేదు. పవిత్ర రోమన్ సామ్రాజ్యం వెంటనే మాయం కాలేదు, 1806 దాకా నడిచింది. మరి మారిందేమిటి? జర్మన్ పాలకులు బయటి దేశాలతో సొంతంగా పొత్తులు పెట్టుకునే హక్కు ఖాయమైంది. పోప్ పదో ఇన్నోసెంట్ ఈ ఒప్పందాలు చెల్లవన్నాడు. ఎవరూ లెక్కచేయలేదు. ఆ లెక్కచేయకపోవడమే అసలు మార్పు. ప్రతి రాజ్యం తన గడపలో తనదే పెత్తనం అనుకునే పద్ధతి ఆ తర్వాత 150 ఏళ్ళలో మెల్లగా గట్టిపడింది. దాని పుట్టినరోజు 1648 అని తర్వాతి తరాల పండితులు ఖాయం చేశారు.

అంతకు ముందు దేశాల మధ్య నియమాలే లేవని కూడా అనుకోకండి. మన ఓరుగల్లును ఏలిన గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. అభయ శాసనం అంటారు. గాలివానకు ఓడ చెడి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకంతా లాక్కోవడం అంతకు ముందు రాజుల పద్ధతి. ప్రాణానికి తెగించి సముద్రం మీద వచ్చినవాళ్ళ సొత్తు ముట్టమని, ఎగుమతి దిగుమతుల మీద 30వ వంతు సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని గణపతిదేవుడు రాతి మీద చెక్కించాడు. పరదేశి సొత్తుకు రాజు హామీ ఇవ్వడం, సుంకం ఇంతేనని ముందే చెప్పడం అంటే అంతర్జాతీయ వాణిజ్య న్యాయంలో ఇవాళ మాట్లాడుకునే రెండు మూల సూత్రాలు. వెస్ట్‌ఫేలియాకు నాలుగు వందల ఏళ్ళ ముందు, ఇక్కడి కోటలో కూర్చున్న రాజు మాట అది. కౌటిల్యుడి మండల సిద్ధాంతం అందరూ రాస్తారు. మీరు మోటుపల్లి రాయండి. పేపర్ దిద్దేవాడు ఒక్క క్షణం ఆగి చదువుతాడు.

1815 ఎందుకు నిలిచింది, 1919 ఎందుకు కూలింది? మీరు గట్టిగా పట్టుకోవాల్సిన పోలిక ఇదే.

నెపోలియన్ యూరప్ మొత్తాన్ని ఇరవై ఏళ్ళు తగలబెట్టాడు. అతన్ని ఓడించాక వియన్నాలో కూర్చున్నప్పుడు ఫ్రాన్స్‌ను చీల్చి పంచుకోవచ్చు. ఆస్ట్రియా తరఫున మెటర్నిక్, బ్రిటన్ తరఫున కాసిల్‌రే ఆ పని చేయలేదు. ఓడిన ఫ్రాన్స్ తరఫున టాలిరాండ్ అక్కడికి వచ్చి కూర్చున్నాడు, మాట చెల్లించుకున్నాడు కూడా. 1818 నాటికి పెద్ద రాజ్యాల కూటమిలో ఫ్రాన్స్ మళ్ళీ సభ్యదేశం. ఆ తర్వాత క్రిమియా యుద్ధం వచ్చింది, జర్మనీ ఏకీకరణ యుద్ధాలు వచ్చాయి, అయినా యూరప్ మొత్తం తగలబడే యుద్ధం 1914 దాకా రాలేదు.

ఇక్కడ విద్యార్థులు ఒకటి మరిచిపోతారు. "వందేళ్ళ శాంతి" అని రాస్తారు. ఎవరికి శాంతి? ఆ వందేళ్ళలోనే చైనా మీద నల్లమందు యుద్ధాలు జరిగాయి, మన దగ్గర 1857 జరిగింది. 1884-85లో బెర్లిన్‌లో 14 దేశాలు కూర్చుని ఆఫ్రికాను ఏ పద్ధతిలో ఆక్రమించుకోవాలో రాసుకున్నాయి, ఆఫ్రికా మనిషి ఒక్కడూ ఆ గదిలో లేడు. మన హైదరాబాద్ రాజ్యం సంగతి చూడండి. 1798లో బ్రిటిష్ వాళ్ళతో సైన్య సహకార ఒప్పందం మీద సంతకం పెట్టిన నాటి నుంచి నిజాంకు జెండా ఉంది, నాణెం ఉంది, విదేశాంగం లేదు. కోఠి రెసిడెన్సీలో ఉన్న తెల్లదొర ఊ అంటేనే ఏదైనా. సమాన సార్వభౌమత్వం అన్న సూత్రం యూరప్ పొలిమేర దాటి రాలేదు. బయట పరమాధికారం, అంటే పైనున్న పెద్ద రాజ్యానిదే చివరి మాట అనే వేరే సూత్రం నడిచింది. రెండూ ఒకే వ్యవస్థలో భాగాలే. దీన్ని రాయకపోతే మీ జవాబు యూరప్ కథగానే మిగిలిపోతుంది.

1919కి, అంటే మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక పారిస్‌లో కూర్చున్న సభకు వస్తే అంతా తలకిందులు. జర్మనీని చర్చలకు పిలవలేదు, వర్సాయి ఒప్పందం రాసి చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు. విప్లవంలో ఉన్న రష్యాకు చోటే లేదు. ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితిని ముందుకు తెచ్చిన అమెరికా అధ్యక్షుడు విల్సన్‌కు సొంత సెనేట్ అడ్డుపడింది, అమెరికా అందులో చేరనే లేదు. జాతుల సమానత్వాన్ని సమితి నిబంధనల్లో చేర్చమని జపాన్ అడిగితే 17 ఓట్లలో 11 అనుకూలంగా పడ్డాయి. అందరూ ఒప్పుకుంటేనే చెల్లుతుందని విల్సన్ దాన్ని పక్కన పెట్టాడు. వియత్నాం హక్కుల కోసం ఒక యువకుడు అర్జీ పట్టుకుని వచ్చాడు, పట్టించుకున్నవాడు లేడు. తర్వాతి కాలంలో ప్రపంచానికి హో చి మిన్‌గా తెలిసింది ఆయనే. లెక్కపెట్టండి: జర్మనీ, రష్యా, జపాన్, వియత్నాం. తర్వాతి అరవై ఏళ్ళ చరిత్రను తిప్పిన పేర్లలో ఎన్ని ఆ గుమ్మం బయట కనిపిస్తున్నాయో మీకే తెలుస్తుంది.

భారత్ మాత్రం లోపల ఉంది, అదీ వింతగా. వర్సాయి ఒప్పందం మీద భారత్ తరఫున బ్రిటన్‌లో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు, బికనీర్ మహారాజు గంగా సింగ్ సంతకాలు ఉన్నాయి. నానాజాతి సమితిలో మనం మొదటి సభ్యులం. సంతకం జూన్ 28న పడింది. అదే సంవత్సరం ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్. సంతకం పెట్టే చెయ్యి మనది కానప్పుడు కుర్చీ దొరికినా ఏం లాభమో చెప్పడానికి ఈ రెండు తేదీలు పక్కపక్కన రాస్తే చాలు.

1945ను రెండు భాగాలుగా చదవండి. మొదటిది డబ్బు, రెండోది కుర్చీలు.

డబ్బు సంగతి యుద్ధం ముగియకముందే, 1944లో బ్రెట్టన్‌వుడ్స్‌లో 44 దేశాలు తేల్చాయి. ఔన్సు బంగారం 35 డాలర్లు, మిగతా కరెన్సీలు డాలర్‌కు కట్టి ఉండాలి, ఇబ్బందుల్లో పడ్డ దేశానికి అప్పివ్వడానికి ఐఎంఎఫ్. 1971 ఆగస్టు 15న నిక్సన్ బంగారం ముడి తెంపేశాడు, డాలర్ పెత్తనం మాత్రం ఉండిపోయింది. ఓడిన దేశాల విషయంలో ఈసారి 1919 తప్పు చేయలేదు. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో జర్మనీకి, జపాన్‌కు చోటు ఇవ్వకపోయినా మార్కెట్లో ఇచ్చారు. అమెరికా పునర్నిర్మాణ సాయమైన మార్షల్ ప్లాన్ కింద పశ్చిమ యూరప్‌కు సుమారు 1,300 కోట్ల డాలర్లు వెళ్ళాయి. ఆ రెండు దేశాలూ మళ్ళీ యుద్ధం వైపు చూడకపోవడానికి ఇది పెద్ద కారణం.

కుర్చీల సంగతి శాన్‌ఫ్రాన్సిస్కోలో తేలింది. అక్కడ 50 దేశాలు ఐక్యరాజ్యసమితి చార్టర్ మీద సంతకం పెట్టాయి, పోలండ్‌తో కలిపి మొదటి సభ్యులు 51. భారత్ తరఫున బ్రిటిష్ ప్రభుత్వం పంపిన బృందానికి రామస్వామి ముదలియార్ నాయకుడు. అదే ఊళ్ళో, సభ బయట, స్వాతంత్ర్యం కావాలని పత్రికలకూ జనానికీ చెబుతూ తిరిగింది విజయలక్ష్మీ పండిట్. ఎనిమిదేళ్ళకు, 1953లో, అదే ఐక్యరాజ్యసమితి సాధారణ సభకు ఆమె అధ్యక్షురాలైంది. వలసలు పోయి కొత్త దేశాలు లోపలికి రావడం అంటే ఏమిటో ఈ ఒక్క జీవితంలో కనిపిస్తుంది. 1955 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని బాండుంగ్‌లో 29 ఆసియా, ఆఫ్రికా దేశాలు కలిశాయి. 1960 ఒక్క ఏడాదే 17 దేశాలు ఐక్యరాజ్యసమితిలో చేరాయి. ఆ డిసెంబర్‌లోనే వలస పాలన అంతం కావాలని సాధారణ సభ 1514వ తీర్మానం చేసింది. ఇవాళ సభ్యులు 193. నా లెక్కలో 20వ శతాబ్దపు అతి పెద్ద మార్పు ఇదే. ప్రచ్ఛన్న యుద్ధం దీని తర్వాతి మెట్టు. పాఠ్యపుస్తకాలు దీన్ని తిరగేసి చెబుతాయి.

ప్రచ్ఛన్న యుద్ధం మీకు బాగానే వచ్చని మీ ప్రశ్న చూస్తే తెలుస్తోంది కాబట్టి నాటో, వార్సా, క్యూబా మళ్ళీ చెప్పను.

ఇక వరంగల్ ప్రశ్న. దీని దగ్గర కాసేపు ఆగుతాను. ఎందుకంటే 1648 సూత్రం, 1945 సూత్రం ఢీకొన్న చోటు మన నేలే.

1947 ఆగస్టు 15తో బ్రిటిష్ పరమాధికారం పోయింది కాబట్టి తాను స్వతంత్రుణ్ణని నిజాం అన్నాడు. అది అచ్చంగా సార్వభౌమాధికార వాదం: నా గడప, నా పెత్తనం. జనం వైపు నుంచి చూస్తే 1945 నాటి వేరే వాదం ఉంది, ఈ గడ్డ ఎవరితో కలవాలో ఇక్కడి ప్రజలు చెప్పాలి అని. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయడానికి జనం గుమికూడితే నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. ఆ చనిపోయినవాళ్ళ స్మారకం అమరధామం ఇప్పుడూ పరకాలలో ఉంది. హనుమకొండ నుంచి గంటలోపు వెళ్ళొచ్చు, ఒకసారి వెళ్ళి చూడండి. రాళ్ళలో మలిచిన ఆ మనుషుల మధ్య నిలబడితే స్వయం నిర్ణయాధికారం అన్న మాటకు బరువు తెలుస్తుంది.

1948 ఆగస్టు 21న హైదరాబాద్ ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది. మండలి ఆ సమయంలో పారిస్‌లో సమావేశమవుతోంది. సెప్టెంబర్ 16న ఈ అంశం ఎజెండాకెక్కి చర్చకు వచ్చింది, మరుసటి రోజే ఇక్కడ నిజాం లొంగిపోయాడు. కొద్ది రోజుల్లో ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు తంతి వెళ్ళింది. మండలి దీని గురించి చివరిసారి చర్చించింది 1949 మే 24న. "హైదరాబాద్ ప్రశ్న" పరిష్కారమైందని ఎవరూ రాయలేదు, దశాబ్దాల పాటు మండలి జాబితాలో ఒక పంక్తిగా ఉండిపోయింది.

పారిస్‌లో మాట్లాడినవాళ్ళలో నిజాం ప్రతినిధి ఉన్నాడు, భారత ప్రతినిధి ఉన్నాడు. పరకాల నుంచి గానీ, జాగీరుదార్ల మీద తిరగబడి పోరాడుతున్న పల్లెల నుంచి గానీ ఎవరూ లేరు. 1945 చార్టర్ మొదలయ్యేదే "మేము, ప్రజలం" అన్న అర్థంతో. కుర్చీలు మాత్రం ప్రభుత్వాలకే. ఈ పగులు చార్టర్‌లో పుట్టుకతోనే ఉంది. పాలస్తీనా, పశ్చిమ సహారా లాంటి ఏ పంచాయితీలో చూసినా ఇదే బయటపడుతుంది. ఏ వాదం న్యాయమైనదని అడిగితే నేను పరకాల వైపే. నా విద్యార్థులకు మాత్రం రెండు వాదాలూ రాయడం నేర్పాను, ఎందుకంటే ఇవాళ్టికీ ప్రపంచంలో రెండూ బతికే ఉన్నాయి.

ప్రపంచ వ్యవస్థ నా ఇంటి వాకిట్లోకి నడిచి వచ్చిన సంగతి ఒకటి చెప్పాలి. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపాయి, కొన్ని నెలల్లో ధర దాదాపు నాలుగింతలైంది. ఆ డబ్బుతో గల్ఫ్‌లో రోడ్లు, భవనాలు లేచాయి. వాటిని కట్టడానికి కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి మనవాళ్ళు పోయారు. మా మేనబావ కూడా అట్లాగే కువైట్ పోయాడు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. పని చేయించుకున్న యజమాని నాలుగు నెలల జీతం ఎగ్గొట్టి మాయమయ్యాడు. బావ, ఇంకో పదిమంది ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి విమానంలో బొంబాయి వచ్చారు. అప్పుడు 1,70,000 మందికి పైగా భారతీయులను ప్రభుత్వం అట్లా తెచ్చింది. బావ ఇంటికి వచ్చినప్పుడు చేతిలో ఒక రెగ్జిన్ సంచి, అందులో రెండు జతల బట్టలు, పాస్‌పోర్టు.

కొన్నాళ్ళకు ఒక ఫారం వచ్చింది. బావకు ఇంగ్లిష్ రాదు, మా వసారాలో కూర్చుని నేనే నింపాను. పేరు, పాస్‌పోర్టు నంబరు, కువైట్ విడిచిన తేదీ. పైన ఐక్యరాజ్యసమితి పరిహార సంఘం అని ఉంది. భద్రతా మండలి 1991లో 687వ తీర్మానం చేసి, యుద్ధ నష్టానికి ఇరాకే బాధ్యురాలని తేల్చి, ఆ దేశపు చమురు రాబడిలోంచి కొంత తీసి నష్టపోయినవాళ్ళకు ఇమ్మంది. దేశం విడిచిపోవాల్సి వచ్చిన మనిషికి 2,500 నుంచి 4,000 డాలర్ల దాకా ఖాయం చేశారు. "కాయితం ఎక్కడికి పోతది బావా?" అని అడిగిండు. జెనీవాకు అన్నాను. నమ్మలేదు. కొన్నేళ్ళు పట్టింది కానీ డబ్బు వచ్చింది, దాంతో బోరు వేయించాడు. ఆ సంఘం 2022 జనవరిలో చివరి చెల్లింపు చేసింది, మొత్తం 5,240 కోట్ల డాలర్లు.

ఈ కథ ఎందుకంటే, 1945 చార్టర్ తాను రాసుకున్నట్టుగా పని చేసిన అరుదైన కాలం 1990-91. దురాక్రమణ జరిగింది, మండలి ఖండించింది, వీటో పడలేదు, అనుమతితో సైన్యం కదిలింది, నష్టపరిహారం దాకా వెళ్ళింది. 2003లో అదే ఇరాక్ మీదకు అమెరికా, బ్రిటన్ మండలి అనుమతి లేకుండా వెళ్ళాయి. నియమం రాసినవాళ్ళే తెంచిన పెద్ద ఘట్టాల్లో ఇది ఒకటి. "ఏకధ్రువ ప్రపంచం" అన్న శీర్షిక కింద ఈ రెండు ఇరాక్ యుద్ధాలనూ పక్కపక్కన పెట్టి రాయండి. వేరే వివరణ అక్కర్లేదు.

1991 మీద నా అభిప్రాయం చాలా మందికి నచ్చదు. మిగతా నాలుగు తేదీల దగ్గరా ఒక సభ ఉంది. 1991 దగ్గర సభ లేదు. జర్మనీ ఏకీకరణకు 1990లో ఒక ఒప్పందం అయింది, అదే నవంబర్‌లో పారిస్‌లో ఒక ప్రకటన వచ్చింది. సోవియట్ యూనియన్ కూలిపోయాక మాత్రం ప్రపంచం మొత్తానికి కొత్త కట్టుబాట్లు ఏమిటి, రష్యా స్థానం ఏమిటి, చైనా స్థానం ఏమిటి, భారత్ లాంటి దేశాల స్థానం ఏమిటి అని ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదు. 1991 డిసెంబర్ 24న రష్యా ఒక ఉత్తరం రాసింది, సోవియట్ కుర్చీలో రష్యా కూర్చుంది. పేరు పలక మారింది. చార్టర్ 23వ అధికరణం తీసి చూడండి, శాశ్వత సభ్యుల్లో ఇప్పటికీ సోవియట్ యూనియన్ పేరే ఉంటుంది.

అప్పుడు ఢిల్లీలో ప్రధాని మన పి.వి. నరసింహారావు. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టి, వంగరలో పెరిగి, హనుమకొండలో హైస్కూల్ చదివిన మనిషి. 1991 జూన్ 21న ఆయన ప్రమాణం చేసేనాటికి సోవియట్ యూనియన్ ఉంది, ఆరు నెలలకు లేదు. మన ఆయుధాలు, రూపాయి-రూబుల్ వాణిజ్యం, 1971లో మండలిలో మనల్ని కాపాడిన వీటో అన్నీ ఆ దేశంతోనే ముడిపడ్డాయి. చేతిలో విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోయేంత. జూలైలో 47 టన్నుల బంగారం తాకట్టుకు విదేశాలకు వెళ్ళింది. 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకున్నాడు. 1993 సెప్టెంబర్‌లో చైనాతో సరిహద్దు శాంతి ఒప్పందం చేశాడు. తూర్పు దేశాల వైపు చూపు తిప్పాడు.

1992 జనవరి 31న భద్రతా మండలి చరిత్రలో తొలిసారి దేశాధినేతల స్థాయిలో కూర్చుంది. భారత్ అప్పుడు తాత్కాలిక సభ్యదేశం, కాబట్టి అదే బల్ల చుట్టూ అమెరికా అధ్యక్షుడు బుష్, రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్, చైనా ప్రధాని లీ పెంగ్‌లతో పాటు మన పి.వి. ఉన్నాడు. కొత్త కట్టుబాట్లు రాసుకోవడానికి దొరికిన అవకాశం అదే. సభ ఒక ప్రకటనతో ముగిసింది, కుర్చీల గురించి ఏ నిర్ణయమూ జరగలేదు. అమెరికా వైపు సైనిక కూటమి నాటో తూర్పుకు జరిగింది, రష్యాకు కోపం పేరుకుంది, చైనా 2001లో ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీఓలో చేరి పెద్దదైంది, శాశ్వత కుర్చీలు ఐదే మిగిలాయి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీదకు రష్యా వెళ్ళినప్పుడు మండలి తీర్మానాన్ని రష్యాయే వీటో చేసింది, మనం ఓటు వేయలేదు. ఆ యుద్ధానికి కారణం రష్యా నిర్ణయమే, దానికి సాకు వెతకను. సర్దుబాటు ఎక్కడ తప్పిందో చెప్పమంటే మాత్రం 1991-92 వైపే వేలు చూపిస్తాను.

మరి ఇప్పుడున్నదేమిటి? పోటీ ఉంది, పాత సంస్థలూ నడుస్తున్నాయి, రెండూ ఒకేసారి. 2020 జూన్‌లో చైనా సరిహద్దులోని గల్వాన్‌లో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు ప్రాణమిచ్చాడు. ఏడాది తిరిగాక 2021 జూలైలో చైనా నగరం ఫుజౌ ఆతిథ్యంలో ఆన్‌లైన్‌లో జరిగిన యునెస్కో సమావేశంలోనే మన రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ప్రచ్ఛన్న యుద్ధపు మూసలో ఈ రెండూ పక్కపక్కన ఇమడవు.

కట్టుబాట్లు సడలడం ఎట్లా ఉంటుందో చూడాలంటే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి సీజన్‌లో వెళ్ళండి. ఒకప్పుడు అమెరికా తన పత్తి రైతులకిచ్చే సబ్సిడీల మీద బ్రెజిల్ డబ్ల్యూటీఓలో కేసు వేసి గెలిచింది, 2014లో 30 కోట్ల డాలర్లతో రాజీ అయింది. అంటే పెద్దవాణ్ణి చిన్నవాడు నిలదీసే చోటు ఒకటి ఉండేది. కొత్త జడ్జీల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబర్ నుంచి డబ్ల్యూటీఓ తగాదాలు చివరగా తేల్చే అప్పీళ్ళ సంఘం పని చేయడం లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. బట్టల మిల్లులకు ఊపిరాడాలని కేంద్రం పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఆగస్టు 19 నుంచి ఎత్తేసి, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించింది. మన దగ్గర పత్తి ఏరి మార్కెట్‌కు తెచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే. 2025-26 సీజన్‌కు పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు అని ప్రకటన వచ్చింది. తేమ ఎక్కువుందని సంచీలోంచి పిడికెడు పత్తి తీసి పిండి చూపించి, బేరగాడు దాని కంటే ఎంతో తగ్గించి చెబుతాడు. రైతు బండి తోలుకుని వెనక్కి పోలేడు. వాషింగ్టన్‌లో తెగిన నియమం ఆ పిడికెడు పత్తి దాకా వచ్చిందన్నమాట. వర్షాలు, తేమ, స్థానిక వ్యాపారుల పట్టు కూడా ధరకు కారణాలే, సుంకం ఒక్కటే అని రాయకండి.

కాబట్టి పరీక్షలో "బహుళధ్రువం" అని ఒక్క మాటతో తేల్చకండి. సైన్యం లెక్కలో అమెరికా ఇంకా అందరికన్నా ముందుంది. సరుకు తయారీలో చైనా ముందుంది. డబ్బులో డాలర్. నియమాల విషయంలో ఎవరి దారి వాళ్ళదే. భారత్, బ్రెజిల్, దక్షిణాఫ్రికా లాంటి దేశాలు బ్రిక్స్‌లో ఒక కాలు, జీ-20లో ఒక కాలు పెట్టి, శాశ్వత కుర్చీ అడుగుతున్నాయి. ఏ రంగంలో ఎవరు అని విడదీసి రాస్తే మార్కులు వస్తాయి, నిజానికీ అదే దగ్గర.

ఎక్కడ మొదలుపెట్టాలి అని కూడా అడిగారు. 1648తో మొదలుపెట్టకండి, నిద్ర వస్తుంది. 1919తో మొదలుపెట్టండి. ఒక పెద్ద చార్ట్ కాగితం తీసుకుని మధ్యలో పారిస్ అని రాయండి. గది లోపల ఉన్నవాళ్ళ పేర్లు ఒక రంగులో, బయట ఉన్నవాళ్ళ పేర్లు ఇంకో రంగులో రాయండి. బయటివాళ్ళ ఒక్కొక్క పేరు నుంచి 1917, 1933, 1941, 1945, 1975 దాకా గీతలు గీయండి. తర్వాత వెనక్కి 1815కు, ముందుకు 1945కు పోయి అదే పని చేయండి. 1948 పక్కన హైదరాబాద్ రాయడం మరవకండి. పూర్తయ్యాక ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. సాయంత్రాలు తీరికగానే ఉంటాను, చూసి ఎక్కడ గీత తప్పిందో చెబుతాను.